పొంగింది ఇక్కడ... అడ్డం ఎక్కడ?

ఆదివారం పొద్దున ఏడున్నర. గ్రౌండ్‌ఫ్లోర్ ఫ్లాటులో రిటైరైన పెద్దాయన తీరిగ్గా పేపరు తిరగేస్తున్నారు. వంటింట్లో ఆయన భార్య కాఫీ కలుపుతున్నారు. ఇంతలో బాత్‌రూమ్‌లోంచి ఓ చప్పుడు... గుడ గుడ గుడమని!

'ఏమండీ, కుళాయి కట్టెయ్యలేదా?'

'నేనింకా స్నానానికే వెళ్లలేదుగా!'

వెళ్లి చూస్తే గచ్చు మీది జాలీలోంచి నల్లటి నీళ్లు ఉబికి వస్తున్నాయి. వాటి మీద తెల్లటి సబ్బు నురగ. ఇంట్లో ఎవరూ స్నానం చేయలేదు. బట్టలూ ఉతకలేదు. మరి ఆ నురగ ఎవరిది?

సరిగ్గా అదే సమయానికి మూడో అంతస్తులో వాషింగ్ మెషీన్ నీళ్లు వదులుతోంది!

ప్లంబర్‌కి ఫోన్ వెళ్లింది. వచ్చాడు. జాలీ తీసి స్ప్రింగు వైరు నాలుగుసార్లు తిప్పాడు. ఓ సీసా యాసిడ్ ఒంపాడు. నీళ్లు నెమ్మదిగా దిగాయి. డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. సోమవారం పొద్దున్నే మళ్లీ అదే గుడగుడ. ఈసారి యాసిడ్ ఘాటుతో సహా!

ఇది ఊహించి చెప్పిన సంగతే. కానీ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి కొత్తదేం కాదు. ఇక్కడ ప్లంబర్ పని చేయకపోలేదు. చేయాల్సిన చోట చేయలేదు, అంతే. అడ్డం బాత్‌రూమ్‌లో లేదు. గేటు పక్కన ఛాంబర్ అవతల ఉంది. పొంగేది ఒకచోట, అడ్డం మరోచోట... డ్రైనేజీతో వచ్చే చిక్కంతా ఇదే. ఆ రెండోచోటు ఏదో కనిపెట్టడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. పది నిమిషాల ఓపిక ఉంటే చాలు.

తిరగేసిన కాలువ

పొలాలకి నీళ్లు ఎలా పారతాయి? పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువల్లోకి. ఇంటి డ్రైనేజీ సరిగ్గా దీనికి తిరగేసిన బొమ్మ. పిల్ల కాలువలన్నీ వచ్చి పెద్ద దాంట్లో కలుస్తాయి. వాష్‌బేసిన్ కింద ఉండేది ఇంచుంబావు గొట్టం. వంటింటి సింకుది ఇంచున్నర నుంచి రెండించులు. బాత్‌రూమ్ నీళ్లకి మూడించుల గొట్టం, కమోడ్‌కి నాలుగించులది. ఇవన్నీ గోడ వెంట దిగే నిలువు గొట్టాల్లో కలిసి, కిందకొచ్చి ఛాంబర్లలో పడతాయి. ఒక ఛాంబర్ నుంచి మరో ఛాంబర్‌కి, ఆఖరి ఛాంబర్ నుంచి వీధిలోని మ్యాన్‌హోల్‌కి... ఇదీ దారి.

ప్రతి సింకు కిందా, ప్రతి జాలీ కిందా వంపు తిరిగిన గొట్టమో, చిన్న గిన్నెలాంటిదో ఉంటుంది. దాన్నే ట్రాప్ అంటారు. బాత్‌రూమ్ గచ్చులో ఉండేదాన్ని మన మేస్త్రీలు నహానీ ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉంటాయి. లైన్లోని వాసన ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. జుట్టు, సబ్బు జిడ్డు, చింతపండు పిప్పి, కరివేపాకు, టీపొడి... ముందుగా పేరుకునేదీ అక్కడే.

అంటే అడ్డాలు రెండు రకాలు. పిల్ల కాలువలో పడేది ఒకటి, పెద్ద కాలువలో పడేది మరొకటి. మొదటిది ఒక గదికి ఇబ్బంది. రెండోది ఇంటిల్లిపాదికీ, ఒక్కోసారి వీధి మొత్తానికీ ఇబ్బంది.

ఒక్కచోటా... నాలుగుచోట్లా?

మొట్టమొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. సింకులో నీళ్లు నిలిచిపోయాయి. బాత్‌రూమ్‌లో మామూలుగానే పోతున్నాయి. కమోడ్ ఫ్లష్ చేస్తే ఇబ్బంది లేదు. అయితే ఆ అడ్డం సింకుదే. కంగారు పడక్కర్లేదు. ఇలాంటిది ఒక్కరోజులో రాదు కూడా. పది రోజుల నుంచే నీళ్లు నెమ్మదిగా దిగుతుంటాయి. మనమే పట్టించుకోం.

అలాకాకుండా సింకు, బాత్‌రూమ్, కమోడ్ అన్నీ ఒకేసారి మొరాయిస్తే... అన్నిటికీ ఒకేసారి విడివిడిగా జబ్బు చేయదు కదా! అవన్నీ కలిసే చోట ఏదో అడ్డుపడిందని అర్థం.

ఇక్కడో మెలిక ఉంది. చాలా ఇళ్లల్లో వాష్‌బేసిన్ నీళ్లు కూడా బాత్‌రూమ్ నహానీ ట్రాప్ మీదుగానే పోతాయి. కాబట్టి ఆ రెండూ నిలిచిపోయినంత మాత్రాన పెద్ద లైను పోయిందనుకోనక్కర్లేదు. అదే బాత్‌రూమ్‌లో కమోడ్ శుభ్రంగా పనిచేస్తోంటే, అడ్డం ఆ మూడించుల గొట్టం వరకే అయ్యుండొచ్చు.

పొంగిన చోటికి కిందే

రెండోది అసలు సూత్రం. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకున్నా చాలు. గొట్టంలో ఎక్కడైనా అడ్డం పడితే పైనుంచి వచ్చే నీళ్లు దాని దగ్గర ఆగి, వెనక్కి ఎక్కుతాయి. ఎక్కుతూ ఎక్కుతూ... మొదట ఏ కంత దొరికితే అందులోంచి బయటకొస్తాయి. అంటే పొంగిన చోటికి దిగువనే అడ్డం ఉంటుంది. ఎగువన ఉండదు.

దీన్ని మూడంతస్తుల ఇంటికి వర్తింపజేసి చూడండి. మూడో అంతస్తులో సింకు నెమ్మదిగా దిగుతోంది. కింద అందరికీ బాగానే ఉంది. అప్పుడు వీధి లైనుని తిట్టుకోవడం దండగ. అదే నిండి ఉంటే నీళ్లు మూడంతస్తులు ఎక్కేదాకా ఆగవు. గ్రౌండ్‌ఫ్లోర్ బాత్‌రూమ్‌లోనే బయటపడతాయి. మూడో అంతస్తువాళ్ల అడ్డం మూడో అంతస్తులోనే ఉంది.

రెండో అంతస్తు జాలీలోంచి పైవాళ్ల నీళ్లు వస్తున్నాయి, కింద రెండు ఇళ్లూ పొడిగా ఉన్నాయి. అయితే అడ్డం నిలువు గొట్టంలో, రెండో అంతస్తుకి కాస్త దిగువన ఉంది. గ్రౌండ్‌ఫ్లోర్‌లోనే పొంగితే... నిలువు గొట్టం అడుగున గానీ, ఛాంబర్లలో గానీ, వీధిలో గానీ ఉంది.

అందుకే పెద్ద లైన్లో ఏం జరిగినా మొదట తెలిసేది కిందున్నవాళ్లకి. నూనె ఒంపింది ఎవరైనా, డైపర్ పడేసింది ఎవరైనా... తుడుచుకునేది మాత్రం వాళ్లే. 'మా ఇంట్లో బాగానే పోతున్నాయండీ' అని పైవాళ్లు చెప్పే మాట అబద్ధం కాదు. బాగానే పోతున్నాయి... కింది ఇంట్లోకి!

గుడగుడల భాష

ఒకచోట నీళ్లు వదిలితే మరోచోట కదలిక వస్తోందా? ఇది మూడో గుర్తు. కమోడ్ ఫ్లష్ చేయగానే జాలీలో బుడగలు రావడం, వాషింగ్ మెషీన్ నీళ్లు వదలగానే నహానీ ట్రాప్ ఉబకడం, సింకు ఖాళీ చేస్తుంటే కమోడ్‌లో నీటిమట్టం పైకీ కిందకీ ఊగడం... ఇవన్నీ గొట్టంలో గాలికి దారి లేదని చెప్పే గుర్తులు. దిగువన అడ్డం పడినప్పుడు, చిక్కుకున్న గాలి ఇలా ట్రాపుల్లోంచి తోసుకొస్తుంది.

గుడగుడమంటున్నా నీళ్లు చకచకా పోతుంటే మాత్రం డాబా మీదికి వెళ్లి చూడాలి. గాలి కోసం పైదాకా పెట్టిన గొట్టం మూతికి పిట్టగూడో, ఎండుటాకులో అడ్డుపడి ఉండొచ్చు.

వాసన ఒక్కటే వస్తే? నీళ్లు ఎక్కడా నిలవకుండా, వాడని బాత్‌రూమ్‌లోంచి కంపు వస్తోందంటే చాలాసార్లు ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి ఉంటాయి. వేసవి సెలవులకి ఊరెళ్లొచ్చినవాళ్లకి ఇది అనుభవమే. రెండు మగ్గుల నీళ్లు పోసి కాసేపు చూడండి. ప్లంబర్‌తో పనుండదు.

మూత తీస్తే గుట్టు రట్టు

ఇక ఆఖరి పరీక్ష. ఆవరణలో గోడ వెంట వరసగా ఛాంబర్లుంటాయి. వాటిపై టైల్సో, పూలకుండీలో పెట్టేసి దాచకుండా ఉంటే పని తేలిక. ఇద్దరు మనుషులు కావాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల ఉండకూడదు. మూత జరిపాక కాసేపు పక్కకి నిలబడి గాలి పోనివ్వాలి. మొహం లోపలికి వంచకుండా నిలబడే చూడాలి.

ఇంట్లో నీళ్లు నిలిచాయి, మొదటి ఛాంబర్ ఖాళీగా ఉంది. అంటే అడ్డం ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య. ప్లంబర్ పని.

మొదటిది నిండింది, రెండోది ఖాళీ. అడ్డం ఆ రెంటి మధ్య గొట్టంలో. ఇదీ ఇంటివాళ్లదో, అసోసియేషన్‌దో.

గేటు దగ్గరి ఆఖరి ఛాంబర్‌తో సహా అన్నీ నిండాయి. అడ్డం గేటు బయట. ఇప్పుడు పక్కింటివాళ్లను పలకరించాలి. వాళ్ల ఛాంబరూ నిండి ఉన్నా, వీధిలో మ్యాన్‌హోల్ పొంగుతున్నా అది వీధి లైను సంగతి. పక్కిళ్లలో అంతా బాగుంటే మీ ఆఖరి ఛాంబర్‌ని వీధి లైనుకి కలిపే గొట్టాన్ని అనుమానించాలి.

వీధిలో మ్యాన్‌హోల్ మూతని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మీరు తీయొద్దు. ముఖ్యంగా వానల్లో. మూత తీస్తే నీళ్లు త్వరగా పోతాయనుకుని తీసేవాళ్లున్నారు. రోడ్డు మీద మోకాల్లోతు నీళ్లల్లో ఆ గుంత ఎవరికీ కనిపించదు. బడి నుంచి వచ్చే పిల్లలకైతే అసలే కనిపించదు.

భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్లల్లో వీధి లైను స్థానంలో సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. అది నిండినా ఇవే గుర్తులు కనిపిస్తాయి. మూడేళ్లు దాటినా ఖాళీ చేయించకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే.

చిన్నదైతే ఇంట్లోనే...

అడ్డం సింకుదే అని తేలితే సగం సందర్భాల్లో వెతుకులాట ట్రాప్ దగ్గరే ఆగిపోతుంది. కింద బకెట్ పెట్టి, సీసాలా ఉండే బాటిల్ ట్రాప్‌ని చేత్తో తిప్పి తీసి కడిగేయొచ్చు. బాత్‌రూమ్ జాలీ తీసి, చేతికి గ్లవ్స్ వేసుకుని జుట్టు లాగేస్తే చాలాసార్లు అక్కడితో సరి. రబ్బరు పంపు వాడేటప్పుడు ఓ చిట్కా... వాష్‌బేసిన్ పైఅంచు దగ్గర ఉండే చిన్న రంధ్రాన్ని తడిగుడ్డతో మూయాలి. లేకపోతే కొట్టిన గాలంతా అందులోంచి పోతుంది.

వంటింట్లో జిడ్డు కరగడానికి వేడినీళ్లు మంచివే. మరిగేవి కాదు. పీవీసీ గొట్టం మరిగే నీళ్లకి మెత్తబడి, అతుకులు వదులవుతాయి.

యాసిడ్ సంగతేంటి? పెద్ద లైను అడ్డంతో యాసిడ్‌కి సంబంధమే లేదు. అది అంతదూరం వెళ్లదు. నిలిచిన నీళ్లల్లో కలిసి, పైవాళ్లు కుళాయి తిప్పగానే వెనక్కి ఉబికి మీ బాత్‌రూమ్‌లోకే వస్తుంది. ముందు పోసిన సంగతి చెప్పకపోతే ఆ తర్వాత గొట్టం విప్పే ప్లంబర్ మొహాన చిందుతుంది. ఇంకో ప్రమాదం... యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికే తెస్తుంది.

పెద్దదైతే...

మొట్టమొదట చేయాల్సింది ఫోన్ కాదు, కుళాయిలు కట్టేయడం. అదీ ఒక్క ఇంట్లో కాదు, ఆ లైను మీదున్న అన్ని ఇళ్లల్లో. ఒక్క వాషింగ్ మెషీన్ తిరిగినా, ఒక్క ఫ్లష్ నొక్కినా ఆ నీళ్లు దిగేది కింది ఇంట్లోకే. అసోసియేషన్ సెక్రటరీయో, వాచ్‌మనో తలుపులు తట్టి చెప్పాలి. పొంగిన నీళ్లు మురుగునీళ్లే కాబట్టి పిల్లల్ని అటు వెళ్లనివ్వొద్దు. ఆ నీళ్లు తగిలిన వంటపాత్రల్ని బాగా కడిగాకే వాడాలి. సంపు మూత దగ్గరికి ఆ నీళ్లు చేరితే తాగునీటి సంగతి కూడా చూసుకోవాలి.

తర్వాత ఫిర్యాదు. హైదరాబాద్‌లో అయితే జలమండలి కస్టమర్ కేర్ నంబరు 155313. నీళ్ల బిల్లు మీద ఉండే క్యాన్ నంబరు దగ్గర పెట్టుకుంటే పని తేలిక. మిగతా ఊళ్లల్లో మున్సిపల్ కార్యాలయం. 'డ్రైనేజీ జామ్' అని ఒక్కముక్కలో కాకుండా, 'ఆఖరి ఛాంబర్ నిండింది, పక్క రెండిళ్లల్లోనూ అంతే, వీధిలో ఫలానా చోట మ్యాన్‌హోల్ పొంగుతోంది' అని చెబితే యంత్రం సరైన చోటికే వస్తుంది.

హైదరాబాద్‌లో భూగర్భ డ్రైనేజీ నిజాం హయాంలో 1931లో మొదలైంది. అప్పటి నగరానికీ ఇప్పటి నగరానికీ పోలికెక్కడ! పైగా వాననీళ్లు పోవాల్సిన దారి వేరు. అయినా డాబా మీది వాన గొట్టాన్ని తెచ్చి ఛాంబర్‌లో కలిపేసిన ఇళ్లకి లెక్కలేదు. జోరువాన పడితే ఆ నీళ్లన్నీ మురుగు లైన్లోకి చేరి మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. వాన పడ్డప్పుడే మీ బాత్‌రూమ్ ఉబుకుతోందంటే ముందు మీ డాబా గొట్టం ఎక్కడికి పోతోందో చూసుకోండి. అది ఇంకుడు గుంతలోకో, వాననీటి కాలువలోకో పోవాలి.

మనిషిని దించొద్దు

ఫోన్ చేసి గంటలు గడిచాయి. కింది ఇంట్లో నీళ్లు తగ్గట్లేదు. అప్పుడొస్తుంది ఓ సలహా... 'తెలిసిన మనిషి ఉన్నాడు సార్. దిగి ఒక్క పోటు పొడిస్తే పోతుంది. కాసిని డబ్బులిస్తే చాలు.'

ఈ సలహాకి 'వద్దు' అనే చెప్పాలి. లోతు మ్యాన్‌హోల్‌లో, సెప్టిక్ ట్యాంకులో కుళ్లిన మురుగు నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొద్దిగా ఉంటే కోడిగుడ్డు కుళ్లిన వాసన. ఎక్కువైతే ముక్కుకి ఆ వాసన తెలియడమే ఆగిపోతుంది. 'వాసన పోయింది, ఫర్వాలేదు' అనుకునేలోపు మనిషి కుప్పకూలతాడు. అతన్ని కాపాడాలని దిగినవాళ్లదీ అదే గతి. 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో జరిగింది ఇదే. మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కూలీలు పైకి రాలేదు. వాళ్లిద్దరూ పొట్టచేత పట్టుకుని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవాళ్లు. కాపాడబోయి దిగిన స్థానిక ఆటోడ్రైవర్ కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. వాళ్లెవరో అతనికి తెలియను కూడా తెలియదు.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా ఎవరినీ మురుగు లైన్లోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించకూడదు. దించినవాళ్లకి మొదటిసారికే రెండేళ్ల వరకూ జైలు, రెండు లక్షల వరకూ జరిమానా, లేదా రెండూ. అది కార్పొరేషన్‌కే కాదు, కాంట్రాక్టర్‌కీ, ఇంటి యజమానికీ, అసోసియేషన్‌కీ వర్తిస్తుంది. మురుగు లైన్లలో చనిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకి పెంచింది. ఎంత పెంచినా అది పోయిన మనిషికి సాటి రాదు. జెట్టింగ్ యంత్రాలున్నాయి. హైదరాబాద్‌లో 2017 నుంచి ఇరుకు సందుల్లోకి వెళ్లగలిగే చిన్న యంత్రాలు కూడా తిరుగుతున్నాయి. అవి వచ్చేదాకా కుళాయిలు కట్టేసుకుని ఓపిక పట్టడం ఒక్కటే దారి.

మళ్లీ ఆ ఇంటికి...

మొదట చెప్పుకున్న అపార్ట్‌మెంట్‌లో సోమవారం పొద్దున పెద్దాయన ప్లంబర్‌కి ఫోన్ చేయలేదనుకోండి. వాచ్‌మన్‌ని పిలిచారు. మూడు ఛాంబర్ల మూతలూ జరిపించారు. మూడూ నిండి ఉన్నాయి. అన్ని ఫ్లాట్లకీ కుళాయిలు కట్టేయమని కబురెళ్లింది. మధ్యాహ్నానికి యంత్రం వచ్చింది. గేటు బయటి గొట్టంలోంచి బయటపడిందేంటి? రాయిలా గట్టిపడిన నూనె ముద్ద. దానికి చుట్టుకుపోయిన గిన్నెలు తోమే పీచు, వెట్ వైప్స్, ఓ డైపరు.

ఎవరివి? అన్ని ఇళ్లవీ.

మూడో అంతస్తు ఇల్లాలు కిందికొచ్చి చూసి నొచ్చుకున్నారు. 'పిన్నిగారూ, మా మెషీన్ నీళ్లు మీ ఇంట్లోకి వస్తున్నాయని నిజంగా తెలీదండీ' అన్నారు.

'తెలిస్తే ఎందుకు వేస్తావమ్మా! ఈసారి ముందు గుడగుడ వినిపిస్తే నీకే ఫోన్ చేస్తాలే' అన్నారు పెద్దావిడ.

వేయించిన నూనె చల్లారాక పాత డబ్బాలో పోసి చెత్తబండిలో వేయడం, సింకుకి ఓ చిల్లుల జల్లెడ పెట్టడం, డైపర్లూ ప్యాడ్లూ కాగితంలో చుట్టి చెత్తబుట్టలోనే వేయడం... ఖర్చు పెద్దగా ఉండదు. కింది ఇంటివాళ్లు మాత్రం ఆదివారం పూట కాఫీ ప్రశాంతంగా తాగుతారు!

ఒక్క చూపులో...

- ఒక్కచోటే నిలిచిందా? ఆ సింకు, జాలీ లేదా కమోడ్ సంగతే. ముందు ట్రాప్ చూడండి.
- నాలుగుచోట్లా నిలిచిందా? అవి కలిసే లైను సంగతి. నీళ్లు వాడటం ఆపండి.
- పొంగిన చోటికి దిగువనే అడ్డం ఉంటుంది.
- మీరు నీళ్లు వాడకపోయినా ఉబుకుతోందా? అవి పైవాళ్లవో, వీధివో.
- ఆఖరి ఛాంబర్ ఖాళీగా ఉంటే ప్లంబర్‌కి, నిండి పక్కిళ్లల్లోనూ అంతే అయితే జలమండలికి లేదా మున్సిపాలిటీకి ఫోన్ చేయండి.
- వాన పడ్డప్పుడే పొంగుతోందా? డాబా గొట్టం ఎక్కడ కలిసిందో చూడండి.
- ఏ పరిస్థితిలోనూ మనిషిని లోపలికి దించొద్దు.